కనిపించని జంట చుక్క

సూర్యుడిలాంటి నక్షత్రాల్లో దాదాపు సగం ఒంటరివి కావు. కంటికి ఒక్క చుక్కగా కనిపించేది చాలాసార్లు రెండు నక్షత్రాలు, ఒక్కోసారి మూడో నాలుగో కలిసి ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతున్న కుటుంబం. వీటిని జంట నక్షత్రాలనీ యుగ్మ తారలనీ అంటారు. నక్షత్రాన్ని తూచడానికి చాలాకాలం వీటిని మించిన త్రాసు లేదు. రెండూ ఎంత దూరంలో ఉన్నాయో, ఎన్నాళ్లకు ఒక చుట్టు తిరుగుతున్నాయో తెలిస్తే వాటి ద్రవ్యరాశి లెక్కకు అందుతుంది. జంటను పట్టుకునే దారులు ప్రధానంగా నాలుగు. దూరదర్శినిలో రెండుగా విడదీసి చూడటం, ఒకటి ఇంకొకదానికి అడ్డం వచ్చినప్పుడు తగ్గే వెలుగును కొలవడం, వర్ణపటంలో గీతల కదలికను గమనించడం, చివరగా గురుత్వ మైక్రోలెన్సింగ్. మొదటి మూడింటికీ ఆ జంట నుంచి వెలుగు రావాలి. నాలుగోదానికి ఆ వెలుగుతో పని లేదు, బరువు ఉంటే చాలు. ఈ చదువులో తెలుగు నేలకూ పాలు ఉంది. అది ఒక పెళ్లి ఆచారంతో మొదలవుతుంది.

తాళి కట్టి, ఏడడుగులు నడిచాక పురోహితుడు కొత్త దంపతులను పందిట్లోంచి బయటికి తెచ్చి అరుంధతిని చూపిస్తాడు. పగటి ముహూర్తమైనా సరే, ఉత్తరం దిక్కుగా వేలు చాపి చూపడం ఆనవాయితీ. సప్తర్షి మండలం తోకలో నడిమి చుక్క వశిష్ఠుడు, దాన్ని ఆనుకున్నట్టుండే చిన్న చుక్క అరుంధతి. చిన్నదాన్ని ఒక్కసారిగా చూపడం కష్టం కాబట్టి ముందు పక్కనున్న పెద్ద చుక్కను చూపి, చూపు అక్కడ నిలిచాక చిన్నదాని దగ్గరికి తీసుకెళ్తారు. దీనికి స్థూలారుంధతీ న్యాయమని పేరే ఉంది. తెలిసినదాని మీదుగా తెలియనిదాని దగ్గరికి పోవడం దాని సారం. జంట నక్షత్రాల పరిశోధన మొత్తం ఈ న్యాయం మీదే నడిచిందంటే అతిశయోక్తి కాదు.

ఆ చుక్కలే ఈ శాస్త్రానికి తొలి పాఠాలు కావడం విశేషం. పాశ్చాత్యులు మిజార్ అని పిలిచే వశిష్ఠుడు దూరదర్శినిలో రెండు చుక్కలుగా విడిపోతాడని 1617లో గెలీలియో, ఆయన శిష్యుడు కాస్టెల్లి గమనించారు. ఫొటోకు ఎక్కిన మొదటి జంట నక్షత్రం కూడా ఇదే, 1857లో. ఆ రెండు చుక్కల్లో ప్రకాశవంతమైనది మళ్లీ రెండని 1889లో హార్వర్డ్‌లో పికరింగ్ ప్రకటించాడు. దూరదర్శినిలో విడిపోకపోయినా వర్ణపటంలో గీతలు ఒకప్పుడు జంటగా, ఒకప్పుడు ఒంటిగా కనబడటమే దానికి సాక్ష్యం. రెండో చుక్క కూడా అలాంటి జంటేనని తర్వాత తేలింది. అరుంధతికి మందమైన తోడు ఉందని 2009లో బయటపడింది. పెళ్లిలో ఇద్దరుగా చూపించే ఆ దంపతులు నిజానికి ఆరు నక్షత్రాలు, సుమారు 80 కాంతి సంవత్సరాల దూరంలో.

దక్షిణ భారతానికి ఈ చరిత్రలో చాలా ముందే చోటు దక్కింది. 1689 డిసెంబరులో పుదుచ్చేరిలో రిషో అనే జెసూట్ మతగురువు ఒక తోకచుక్కను చూస్తూ, ఆల్ఫా సెంటారి రెండు నక్షత్రాలని కనిపెట్టాడు. అప్పటికి ఇలాంటి జంటలు నిజంగా కలిసి తిరుగుతాయో, ఒకే వరుసలో ఉండటం వల్ల పక్కపక్కన కనిపిస్తాయో ఎవరికీ తెలియదు. 1803 నాటికి విలియం హెర్షెల్ తన పాత కొలతలనూ కొత్త కొలతలనూ పక్కపక్కన పెట్టి చూసి, కొన్ని జంటలు నిజంగానే ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతున్నాయని రుజువు చేశాడు. న్యూటన్ గురుత్వ సూత్రం సౌరకుటుంబం దాటి పనిచేస్తుందనడానికి అది గట్టి సాక్ష్యం.

మద్రాసు వేధశాల అధిపతి కెప్టెన్ జేకబ్ 1855లో ఒక అడుగు ముందుకేశాడు. 70 ఒఫియూకీ అనే జంట లెక్క ప్రకారం తిరగడం లేదనీ, కంటికి కనపడని మూడో వస్తువు దాన్ని లాగుతోందనీ ప్రకటించాడు. ఆ మాట నిలవలేదు. తేడా కొలతల్లోనే ఉందని తర్వాత తేలింది. అయినా చూడలేనిదాన్ని దాని లాగుడుతో పట్టుకోవాలన్న ఆలోచన అంత తొందరగా ఈ ప్రాంతంలో వినిపించడం గుర్తుంచుకోదగ్గ విషయం. మద్రాసు వేధశాలలోనే చదువుకున్న గోడే వెంకట జగ్గారావు 1840 ప్రాంతంలో విశాఖపట్నంలో సొంత వేధశాల కట్టుకున్నాడు. ఆయన అల్లుడు అంకితం వెంకట నర్సింగరావు దాన్ని నడిపి, 1874లో శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటడాన్ని గమనించాడు.

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం నీడ కృష్ణా, గుంటూరు సీమల మీదుగా సాగింది. గన్నవరం పక్కనున్న ఉంగుటూరు, దాని చుట్టుపట్ల పల్లెలు ఆ నీడలోనే ఉన్నాయి. అయిదు నిమిషాలు దాటి పట్టపగలే చీకటి కమ్మింది. ఫ్రాన్సు నుంచి వచ్చిన జాన్సెన్ గుంటూరులోనూ, మద్రాసు వేధశాల అధిపతి పాగ్సన్ మచిలీపట్నంలోనూ వర్ణపటదర్శినులు బిగించుకుని కూర్చున్నారు. సూర్యుడి అంచున ఎగసే జ్వాలల వెలుగులో ఒక పసుపు గీత కనిపించింది. అది సోడియం గీత కాదనీ, హీలియం అనే కొత్త మూలకానిదనీ తర్వాత నిర్ధారణ అయింది. నక్షత్రాల వెలుగును గీతలుగా విడదీసి చదివే విద్యకు ఆ రోజు పెద్ద ఊపు వచ్చింది. ఇరవై ఏళ్ల తర్వాత వశిష్ఠుడి రహస్యం విప్పింది ఆ విద్యే. సంపూర్ణ గ్రహణం వల్ల ఖగోళశాస్త్రానికి ఇంకో పెద్ద మేలు 1919లో జరగబోతోంది.

హైదరాబాదులో నవాబు జఫర్ జంగ్ 1901లో ఇంగ్లండు నుంచి 15 అంగుళాల దూరదర్శిని తెప్పించి ఫిసల్‌బండలోని తన స్థలంలో వేధశాల పెట్టాడు. డబ్లిన్‌లోని గ్రబ్ సంస్థ చేసిన పరికరమది. ఆయన మరణానంతరం 1908లో నిజాం ప్రభుత్వం దాన్ని తీసుకుని బేగంపేటకు మార్చింది. నిజామియా వేధశాల అన్న పేరు దానిదే. మొత్తం ఆకాశాన్ని ఫొటోల్లో పట్టాలని ప్రపంచ వేధశాలలు పంచుకున్న పనిలో దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల మధ్య పట్టీ హైదరాబాదు వాటాకు వచ్చింది. జర్మనీలోని పోట్స్‌డామ్ వదిలేసిన ఉత్తరపు పట్టీలో కొంత కూడా తర్వాత దీని మీదే పడింది. గాజు పలకల మీద చుక్కల స్థానాలను ఒక్కొక్కటిగా కొలిచి, ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రాలను పట్టికల్లోకి ఎక్కించారు. 1918 నుంచి ఈ పనిని నడిపించిన భాస్కరన్ ఆ వేధశాలకు తొలి భారతీయ సంచాలకుడు. 1919లో వేధశాల ఉస్మానియా విశ్వవిద్యాలయం చేతికి వచ్చింది. అక్కడే ఉద్యోగి అయిన మనలి బప్పు కొడుకు వేణు బప్పు నిజాం కళాశాలలో చదువుతూ, తండ్రి పనిచేసే దూరదర్శినుల దగ్గరే వెలుగు మారే నక్షత్రాలను గమనించడం నేర్చుకున్నాడు. భారత ఆధునిక ఖగోళశాస్త్రానికి తర్వాత పునాది వేసింది ఆయనే.

జంట నక్షత్రాల పరిశోధనకు తెలుగు నేల మీద అసలు ఇల్లు జాపాల్-రంగాపూర్. హైదరాబాదుకు ఆగ్నేయంగా 50 కిలోమీటర్లకు పైగా దూరంలో, ఆ రెండు పల్లెల మధ్య గుట్ట మీద ఉస్మానియా విశ్వవిద్యాలయం 1968లో 48 అంగుళాల దూరదర్శినిని నిలబెట్టింది. ఆలోచన అక్బర్ అలీది. ఆయన 1960లో కన్నుమూస్తే, ఆ బాధ్యత ఎత్తుకుని పూర్తిచేసింది కృష్ణ దామోదర అభ్యంకర్. అమెరికాలోని బర్కిలీలో డాక్టరేటు చేసి వచ్చిన ఆయన, ఎం.బి.కె. శర్మ, వారి శిష్యులు గ్రహణ యుగ్మ తారలను, అంటే ఒకదానికొకటి అడ్డం వచ్చి వెలుగు తగ్గే జంటలను, తమ ప్రధాన వ్యాసంగంగా ఎంచుకున్నారు. ఆ ఎంపిక తెలివైనది. పెద్ద దేశాల దూరదర్శినులతో పోటీ పడి అతి మందమైన గెలాక్సీల వెంట పోకుండా, ఏళ్ల తరబడి ఓపిక పడితేనే ఫలితమిచ్చే చుక్కలను పట్టుకున్నారు.

ఆ పని అప్పట్లో జరిగిన తీరు ఇలా ఉండేది. వెలుగు మారే చుక్క పక్కనే మార్పు లేని చుక్క ఒకటి ఎంచుకోవాలి. ముందు మార్పులేని చుక్క వెలుగు, తర్వాత జంట వెలుగు, తర్వాత రెంటికీ పక్కన ఖాళీ ఆకాశం వెలుగు, మళ్లీ మొదటి చుక్క. నీలం వడపోతలో ఒకసారి, పసుపులో ఒకసారి. ఇలా రాత్రంతా. కాంతి కొలమానం నుంచి వచ్చే విద్యుత్తు కాగితపు చుట్ట మీద గీతగా పడేది. పొద్దున ఆ గీత ఎత్తులు కొలిచి, జంట ఏ క్షణాన అతి మందంగా ఉందో సెకన్లతో సహా తేల్చేవారు. రుతుపవనాలు వచ్చాక నాలుగైదు నెలలు ఆకాశం దొరికేది కాదు. పొడి కాలపు రాత్రులన్నీ ఈ లెక్కకే పోయేవి.

ఈ పద్ధతికి మచ్చుతునక ఆర్ కానిస్ మేజోరిస్. సిరియస్ ఉన్న మండలంలోనే ఉంటుంది. 27 గంటల 16 నిమిషాలకు ఒకసారి దీని వెలుగు తగ్గుతుంది. 1887లో దీని మార్పును కనిపెట్టినప్పటి నుంచి గ్రహణ సమయాలు ప్రపంచమంతా నమోదవుతూ వచ్చాయి. లెక్క ప్రకారం జరగాల్సిన గ్రహణం కొన్ని దశాబ్దాలు ముందుగా, కొన్ని దశాబ్దాలు ఆలస్యంగా పడుతోంది. తేడా అరగంట దాటుతుంది. బండి మీద కూర్చున్న మనిషి క్రమం తప్పకుండా గంట కొడుతున్నాడనుకుంటే, బండి దూరం పోతున్నకొద్దీ ఆ మోత మన చెవికి ఆలస్యంగా చేరుతుంది, దగ్గరికొస్తుంటే ముందుగా చేరుతుంది. ఈ జంట కూడా అలా దూరానికీ దగ్గరికీ ఊగుతోందంటే దాన్ని లాగే మూడో నక్షత్రం ఉండాలి. 1984లో రాధాకృష్ణన్, శర్మ, అభ్యంకర్ ఈ మూడో నక్షత్రానికి ఆధారాలు ప్రచురించారు. చుట్టు తిరగడానికి పట్టే కాలం సుమారు 90 ఏళ్లని లెక్క తేల్చారు. 2002లో రిబాస్ బృందం హిప్పార్కస్ ఉపగ్రహం కొలిచిన స్థానాలను ఈ సమయాలతో కలిపి అదే సంగతిని ఖాయం చేసింది. ఆ నక్షత్రం సూర్యుడి బరువులో మూడో వంతు ఉంటుందనీ, చుట్టుకు 93 ఏళ్లు పడుతుందనీ చెప్పింది. జేకబ్ 1855లో ఆశపడిన ఫలితం రంగాపూర్ గుట్ట మీద నిజమైంది. తెలుగు నేల మీద జరిగిన ఖగోళ పరిశోధనలో ఇంత శుభ్రమైన వాదన అరుదు. దీనికి దక్కాల్సినంత పేరు దక్కలేదు.

రంగాపూర్ లెక్క దాగిన నక్షత్రాన్ని దాని లాగుడుతో పట్టింది. మైక్రోలెన్సింగ్ ఆ లాగుడు కాంతిని ఏం చేస్తుందో చూస్తుంది. బరువున్న వస్తువు పక్కనుంచి పోయే కాంతిని వంచుతుందని ఐన్‌స్టీన్ చెప్పిన మాటను 1919 మే 29 సంపూర్ణ గ్రహణంలో ఎడింగ్టన్ బృందాలు పరీక్షించాయి. సూర్యుడి అంచున ఆ వంపు 1.75 ఆర్క్‌సెకన్లు. ఒక నక్షత్రం ఇంకో నక్షత్రానికి సరిగ్గా ముందుకొస్తే, వెనకదాని కాంతి భూతద్దంలో పడ్డట్టు పెరగాలి. ఐన్‌స్టీన్ దీన్ని 1912లోనే తన నోటుపుస్తకంలో లెక్కకట్టుకుని వదిలేశాడు. రూడి మాండ్ల్ అనే ఇంజనీరు వెంటపడగా 1936లో చిన్న వ్యాసంగా అచ్చువేసి, దీన్ని చూడగలమన్న ఆశ లేదన్నాడు. కారణం కొలతల్లోనే ఉంది. పాలపుంతలో సగం దారిలో ఉన్న నక్షత్రం నడిబొడ్డులోని నక్షత్రం కాంతిని వంచితే ఏర్పడే వలయం, 5,000 కిలోమీటర్ల దూరాన ఉన్న రూపాయి బిళ్లంత కనిపిస్తుంది. మామూలు దూరదర్శిని దాన్ని విడదీయలేదు. తెలిసేదల్లా కొన్ని రోజులపాటు చుక్క వెలుగు పెరిగి తగ్గడమే. అదీ ఏ క్షణాన చూసినా సుమారు పది లక్షల నక్షత్రాల్లో ఒకదానికి.

1986లో బోదాన్ పచిన్‌స్కీ ఈ అసాధ్యాన్ని లెక్కల పనిగా మార్చాడు. లక్షల చుక్కలను రాత్రి రాత్రికీ కంప్యూటరుతో కొలిస్తే దొరుకుతాయన్నాడు. 1993లో మూడు బృందాలు దాదాపు ఒకేసారి తొలి సంఘటనలు ప్రకటించాయి. వాటిలో మాచో అనే బృందం వాడిన దూరదర్శిని ఆస్ట్రేలియాలోని మౌంట్ స్ట్రామ్లోలో ఉండేది. పాత మెల్‌బోర్న్ మహా దూరదర్శిని స్తంభానికి కొత్త అద్దం బిగించి దాన్ని తయారుచేశారు. 1868లో ఆ స్తంభం పోతపోసింది డబ్లిన్ గ్రబ్ సంస్థే. జఫర్ జంగ్ హైదరాబాదుకు తెప్పించిన ఇనుమూ, మైక్రోలెన్సింగ్‌ను కనిపెట్టిన ఇనుమూ ఒకే ఇంటివి. 2003 జనవరి కార్చిచ్చులో ఆస్ట్రేలియాది కాలిపోయింది.

కాంతిని వంచే వస్తువు ఒంటరి నక్షత్రమైతే వెలుగు నున్నగా పెరిగి నున్నగా తగ్గుతుంది. అదే జంట అయితే కథ మారుతుంది. ఉదయపు ఎండలో స్టీలు గ్లాసులో పాలు పోసి పెడితే పాల మీద ఒక మెరుపు గీత, మధ్యలో మొనదేరి, కనిపిస్తుంది. గ్లాసు లోపలి వంపు ఎండను తిప్పి ఒక గీత మీద కుప్పపోస్తుంది. జంట నక్షత్రాల గురుత్వం కూడా ఆకాశంలో అలాంటి మొనల గీతలను గీస్తుంది. వీటిని కాస్టిక్ గీతలంటారు. వెనకనున్న నక్షత్రం ఆ గీతను దాటి లోపలికి వచ్చిన గంటల్లో వెలుగు ఒక్కసారిగా ఎగబాకుతుంది, లోపల ఉన్నంతసేపు పల్లంగా ఉంటుంది, బయటికి దాటేటప్పుడు మళ్లీ ఎగసి పడిపోతుంది. గ్రాఫు మీద రెండు కొమ్ములు మొలిచినట్టు ఉంటుంది. స్థూలారుంధతీ న్యాయంలో ముందు చూపడానికి పెద్ద చుక్క ఉండాలి. ఇక్కడ జంటలో పెద్దదీ కనపడదు, చిన్నదీ కనపడదు. రెంటికీ సాక్ష్యం వెనకనున్న అపరిచిత నక్షత్రం.

కాంతిని వంచే వస్తువును కటకం అంటారు. జంట కటకాలు, గ్రహాలున్న కటకాలు ఎలా పనిచేస్తాయో 1991లో షుడే మావ్, పచిన్‌స్కీ లెక్కకట్టి, పదింట ఒక సంఘటనలో జంట ముద్ర గట్టిగా కనబడుతుందన్నారు. రెండేళ్లకే చిలీలోని లాస్ కాంపానాస్ నుంచి, 1993 నాటి మూడు బృందాల్లో ఒకటైన ఓగిల్ ఏడో నంబరు సంఘటనలో ఆ రెండు కొమ్ములను చూసింది. దాదాపు సమాన బరువున్న రెండు నక్షత్రాల వల్ల వచ్చినవవి. 2000లో ఎరోస్ బృందం గుర్తించిన మరో సంఘటనను ప్లానెట్ అనే బృందం వదలకుండా కొలిచింది. భూమి సూర్యుడి చుట్టూ తిరగడం వల్ల గ్రాఫులో వచ్చిన చిన్న తేడాను, కాస్టిక్ గీత దాటడానికి పట్టిన సమయాన్ని కలిపి, కనిపించని ఆ జంట మొత్తం బరువు సూర్యుడిలో 0.6 వంతని తేల్చింది. మైక్రోలెన్సింగ్ కటకం బరువు అంత కచ్చితంగా తెలియడం అదే మొదలు. 2016లో గయా ఉపగ్రహం హంస మండలంలో పట్టిన గయా16ఏవైఈలో వెలుగు అయిదుసార్లు ఎగసింది. దాన్నిబట్టి 0.57, 0.36 సూర్యుల బరువున్న రెండు నక్షత్రాలు మూడేళ్ల లోపు ఒక చుట్టు తిరుగుతున్నాయని తెలిసింది. వాటి వెలుగును నేరుగా కొలవకుండానే కక్ష్య మొత్తం గీయగలిగారు.

ఈ పద్ధతికి పరిమితులు ఉన్నాయి. దగ్గరదగ్గరగా ఉన్న జంటా, బాగా ఎడంగా ఉన్న జంటా కొన్నిసార్లు ఒకే ఆకారపు గ్రాఫు ఇస్తాయి. ఏది నిజమో చెప్పడం కష్టమవుతుంది. వెనకనున్న నక్షత్రమే జంట అయితే అది ఊగే ఊపు కూడా గ్రాఫులో కలిసి గందరగోళపెడుతుంది. అన్నిటికన్నా పెద్ద చిక్కు, సంఘటన ఒక్కసారే జరుగుతుంది. రంగాపూర్‌లో చూసిన జంటకు రేపు మళ్లీ గ్రహణం పడుతుంది, తప్పిపోతే ఎల్లుండి చూడవచ్చు. ఇక్కడ ఒక రాత్రి మబ్బు పడితే ఆ కొమ్ము పోయినట్టే. అందుకే చిలీ, దక్షిణాఫ్రికా, ఆస్ట్రేలియాల్లో పొద్దుకు పొద్దు అందుకుంటూ దూరదర్శినులు కాపు కాస్తాయి. కొరియావారు 2015 నుంచి ఈ మూడు చోట్లా ఒకే రకం పరికరాలు నడుపుతున్నారు.

పాలపుంత నడిబొడ్డు చిలీలో నడినెత్తికి వస్తుంది. రంగాపూర్‌లో దక్షిణాన 45 డిగ్రీల ఎత్తు కూడా దాటదు. అది రాత్రంతా కనిపించే జూన్, జులైల్లో రుతుపవనాల మబ్బులు. రంగాపూర్ ఈ పనిలోకి దిగకపోవడానికి ఆకాశమే ఒక కారణం. భారతదేశంలో నైనిటాల్ వేధశాల 1998 నుంచి 2002 దాకా శరత్కాలపు రాత్రుల్లో ఆండ్రోమెడా గెలాక్సీ వైపు చూసి ఒక సంఘటన జాడ పట్టింది. అమెరికాలో పనిచేసే భారతీయ సంతతి శాస్త్రజ్ఞుడు కైలాస్ సాహు బృందం 2017లో స్టైన్ 2051 అనే జంటలోని తెల్ల మరుగుజ్జును ఇదే సూత్రంతో తూచింది. 2014లో అది వెనకనున్న నక్షత్రం ముందుగా పోతూ దాన్ని రవ్వంత పక్కకు జరిపినట్టు కనిపించడమే ఆధారం. బరువు సూర్యుడిలో మూడింట రెండు వంతులని తేలింది. 1919 గ్రహణపు పరీక్షను సూర్యుడితో కాకుండా వేరే నక్షత్రంతో చేయడం అదే మొదటిసారి.

మే నెల నడుమ నూజివీడు రసాలు కోతకొచ్చి, తోటల్లో కావలివాళ్లు మంచెల మీద మేలుకుని ఉండే రోజుల్లో, ఉంగుటూరు నుంచి రాత్రి తొమ్మిదిన్నరకు అరుంధతీ వశిష్ఠులు ఉత్తరాన ఆకాశం సగం ఎత్తులో ఉంటారు. రెండున్నరకు వృశ్చికం తోక పక్కగా ధనుస్సు దక్షిణాన అంతే ఎత్తుకు వస్తుంది. పాలపుంత మరీ చిక్కగా కనిపించే ఆ జాగాలోనే ఓగిల్ బృందం ఏడాదికి రెండు వేల దాకా మైక్రోలెన్సింగ్ సంఘటనలు నమోదు చేసింది.